మొదటి గిన్నె ఎవరిది

కొండ మీది మా ఊరు సెర్రవెంతోలో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటివాళ్లు ఉప్పు అడిగితే కిటికీలోంచి చెయ్యి చాపి ఇస్తే సరిపోతుంది. మా కిటికీకి ఎదురుగా ఉన్నది వీతవ్వ ఇల్లు. ఆమె ఒక్కగానొక్క కొడుకు కానియో తెలెస్కా. ఆయన మొదట లాయరు. తర్వాత జిల్లా సభకు ఎన్నికయ్యాడు. ఆ తర్వాత జిల్లా మొత్తానికీ రోడ్లూ వంతెనలూ చూసే పదవిలో కూర్చున్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఇంటి తలుపును మా కిటికీలోంచి చూస్తూనే పెరిగాను. నేను పుట్టకముందు సంగతులు మా అమ్మా, పక్కింటి సబెల్లవ్వా చెప్పగా విన్నవి.

వీతవ్వ మొగుడు రాళ్ల గనిలో పోయాడు. అప్పటికి కానియో చంటిపిల్లాడు. ఆమెకు జ్వరం వచ్చి పాలు ఎండిపోతే, సబెల్లవ్వ తన బిడ్డతో పాటు ఆ పిల్లాడికీ పాలిచ్చింది. కాస్త కోలుకున్నాక వీతవ్వ సందు చివరనున్న రొట్టెల పొయ్యి చూసుకునే పనికి కుదిరింది. ఆడవాళ్లు ఇంట్లో పిండి కలిపి, ముద్ద మీద తమ ఇంటి చెక్క ముద్ర గుద్ది, చెక్కపలక మీద పేర్చి తలమీద పెట్టుకుని తెచ్చేవాళ్లు. ఆమె కాల్చి ఇచ్చేది. కూలి కింద ఇంటికో చిన్న రొట్టె. కానియో తిన్నవీ ఆ రొట్టెలే, చదివిందీ వాటి మీదే. నేపుల్సులో లా పూర్తిచేసి వచ్చిన రోజున సబెల్లవ్వ అతని చెవి పట్టుకుని, "మా అందరి పిండీ తిని ఇంతవాడివయ్యావు. మా ముద్రలన్నీ నీ పొట్టలోనే ఉన్నాయి, గుర్తుపెట్టుకో," అందట.

ఆఫీసు ఎక్కడో పెట్టలేదు. ఇంటి కింది గదిలోనే పెట్టాడు. అంతకుముందు అందులో గాడిద ఉండేది. సున్నం ఎన్నిసార్లు కొట్టినా వానపడితే ఆ వాసన తిరిగి వచ్చేది. "పోయిందే నయం, కట్టెలైనా మోసేది," అని సబెల్లవ్వ వచ్చేపోయేవాళ్లందరితో అనేది. లోపలినుంచి ఆయన, "నేను కాగితాలు మోస్తున్నా కదే, చాలదా?" అని అరిచేవాడు.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్లందరూ మాలాంటివాళ్లే. ఒకడి గోడ ఇంకొకడి అత్తిచెట్టు వేళ్లకి బీటలిచ్చింది, ఒకామె మొగుడికి రావాల్సిన యుద్ధం పింఛను ఆగిపోయింది, అలాంటివి. దూరపు పొలాల నుంచి నడిచి వచ్చినవాళ్లకు వీతవ్వ ముందు తిండి పెట్టేది. ఒకసారి గోడ కోసం కొట్లాడుకుంటున్న అన్నదమ్ములు ఇద్దరూ ఒకే పూట వచ్చారు. ఆమె వాళ్ల మధ్య శనగలు వేసిన పాస్తా ఒక్క పళ్లెంలో పెట్టి, ఇంట్లో ఇంకో పళ్లెం లేదంది. గోడ గూట్లో వరసగా పళ్లేలు కనబడుతూనే ఉన్నాయి. వాళ్లు తల ఎత్తకుండా చెరో పక్కనుంచి తిన్నారు. ఆ కేసు కోర్టుకు పోలేదు. మా అమ్మ నలుగురు కూర్చుంటే ఇప్పటికీ ఈ మాట చెబుతుంది.

ఆయనకు పేరు తెచ్చింది అడివి కేసు. మా కొండ మీది ఓక్ అడివిలో ఎండుకట్టెలు ఏరుకునే హక్కు మా తాతల కాలం నుంచీ ఉంది. యుద్ధం తర్వాత జమీందారు ఇనుప కంచె వేయించాడు. కట్టె లేకపోతే వీతవ్వ పొయ్యి లేదు, ఆమె పొయ్యి లేకపోతే సందులో రొట్టె లేదు. కానియో ఆ కేసు ఏళ్ల తరబడి నడిపాడు. చివరికి జడ్జి స్వయంగా చూడటానికి జనవరి నెలలో మంచులో కంచరగాడిద మీద వచ్చాడు. ఆ రోజు ఊళ్లో ఎవరూ పొయ్యి ముట్టించవద్దని కానియో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాడు. జడ్జిని వీతవ్వ వంటింట్లో ఆరిపోయిన పొయ్యి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడే వాదన మొదలుపెట్టాడు. కాసేపటికి జడ్జి చేతివేళ్లు బిగుసుకుపోయి కలం పట్టలేకపోయాడు. "ఇంత చలిలో ఎలా ఉంటారయ్యా వీళ్లు?" అని అడిగాడట.

"అదే అయ్యా నా వాదన," అన్నాడట కానియో. "ఇంక చెప్పడానికేం లేదు."

కంచె తీసేశారు. ఆ సాయంత్రం ఊరంతా పొయ్యిలు రాజేశారు. మా ఊళ్లో మనిషిని చూడకముందే పొగ చూసి సంగతి తెలుసుకుంటాం. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరు పొలం నుంచి ఇంకా రాలేదో, ఎవరికి ఒంట్లో బాగాలేదో పొగగొట్టమే చెబుతుంది. ఆ సాయంత్రం మాత్రం పొగ తప్ప ఇంకేమీ కనబడలేదని మా అమ్మ అంటుంది.

ఎన్నికల్లో నిలబడమని ఊరే ఆయన వెంటపడింది. వీతవ్వకు ఇష్టం లేదు. కాదని కూడా అనలేదు. "వెళ్లు నాయనా. వెళితే నీకు వడ్డించేవాళ్లు మారిపోతారు, అంతే," అంది. ఆయన నవ్వి, నువ్వు ఉన్నంతకాలం నాకు వేరే ఎవరు వడ్డిస్తారన్నాడు. సబెల్లవ్వకు ఓటు ఎక్కడ వేయాలో తెలియక చీటీని ముద్దుపెట్టుకుని మరీ వేసిందట. గెలిచిన రోజు చర్చి గంటలు మోగించారు. అప్పటికి నేను చిన్నపిల్లని. ఆయన నన్ను భుజం మీద ఎక్కించుకుంటే కోటు మెడ దగ్గర సబ్బు వాసన వేసింది. అది గుర్తుంది.

మా ఊరికి రోడ్డు లేదు. కింద లోయలో బస్సు దిగి, కంచరగాడిదల బాటన ఎక్కి రావాలి. జబ్బు చేసినవాళ్లను నిచ్చెనకు కట్టి దింపేవాళ్లు. మా పెద్దమ్మ కానుపు కష్టమై ఆ నిచ్చెన మీదే పోయింది. "ఈ ఊరికి రోడ్డు వేసి చస్తాను," అని కానియో ఎన్నికల సభలో చెప్పిన మాట నిజమని అందరూ నమ్మారు. అది నిజమే.

జిల్లా పట్టణంలో గది తీసుకున్నాడు. వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి. వచ్చినప్పుడల్లా సందులో అర్జీలవాళ్లు గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. మొదట్లో ఆయనే వాళ్లను లోపలికి లాగి కూర్చోబెట్టేవాడు. పిలుపు ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు మంగలి నికోలా టోపీ తీసి "అయ్యగారూ" అన్నాడు. "నేను కానియోనే కదరా," అన్నాడాయన. నికోలా సరే అయ్యగారూ అన్నాడు. తర్వాత అందరూ అలాగే పిలిచారు. ఆయన కూడా దిద్దడం మానేశాడు. ఆఖరికి సబెల్లవ్వ కూడా ఆయన సందులోకి రాగానే కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టింది. ఆయన చెవి వైపు ఆమె చెయ్యి వెళ్లడం నేను మళ్లీ చూడలేదు.

మా నాన్న పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి మీద నీళ్లు పోసి ఆర్పేస్తారు. ఇంటివాళ్లు వండుకోకూడదు, ఎవరినీ అడగకూడదు. బయటివాళ్లే వండి తేవాలి. దాన్ని ఓదార్పు అంటాం. మొదటి గిన్నె ఎవరు తెస్తే వాళ్లే ఆ ఇంటికి అందరికన్నా దగ్గరివాళ్లని ఊరికి చాటినట్టు. అందుకని దాని కోసం మాటా మాటా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మా ఇంటికి మొదటి గిన్నె వీతవ్వే తెచ్చింది. కానియోకు సభ ఉండి రాలేకపోయాడు. బదులుగా ఒక పెద్ద పూలచక్రం పంపాడు, బంగారు అక్షరాలతో ఆయన పేరున్న రిబ్బనుతో. అలాంటిది మా సందులోకి రావడం అదే మొదలు. అమ్మ ఆ రిబ్బను మడిచి పెట్టెలో దాచింది. వీతవ్వ చక్రాన్ని కిందినుంచి పైకి చూసి, "దీన్ని ఏ గిన్నెలో వండమంటాడో," అని మూత తీసి మాకు వడ్డించింది.

ఆ తర్వాత ఎవరు పోయినా పూలచక్రం వచ్చేది. రావడమే గౌరవమని ఊరు అనుకుంది. తను పంపుతున్నది తన ప్రేమేనని ఆయన అనుకున్నాడు. నాకైతే ఆ రిబ్బన్లు చూస్తుంటే పెద్దవాళ్లు ఒకరికొకరు పంపుకునేవి పొరపాటున మా సందులోకి వచ్చాయనిపించేది.

నాన్న పోయాక నా బడి ఆగిపోయింది. వీతవ్వకు మోకాళ్లు పట్టేస్తే ఆమె ఇంటిపనికి నేను వెళ్లాను. పెద్ద పొయ్యిలో శనివారాలు మాత్రం రొట్టె వేసేది, తనకూ సబెల్లవ్వకూ. మిగతా అందరూ అప్పటికే బజారు రొట్టె కొనుక్కుంటున్నారు. కొడుకు పెళ్లి మాట ఎత్తితే ఆమె, "వాడికి కేసులతో అయింది పెళ్లి. పిల్లలు రోడ్లు," అనేది. నేను పెద్దదాన్నయ్యేకొద్దీ ఆ ఇంట్లో సంగతులు నాకు మాటలు లేకుండానే అర్థమయ్యేవి. తను రాకపోయినా ఆయన పళ్లెం రోజూ బల్లమీద ఉండేది.

రోడ్డు పని మొదలయ్యే ఏడాదే అవతలి లోయలో కొండచరియ విరిగి ఒక ఊరు తెగిపోయింది. డబ్బు ముందు అక్కడికి మళ్లింది. ఆ నిర్ణయం మీద సంతకం కానియోదే. మంగలి కొట్లో, "మన పిండి తిని పక్కూరికి రొట్టె కాల్చాడు," అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. మా ఊళ్లో ఇష్టమైనవాళ్లనే ఎక్కువ ఏడిపిస్తారు. అప్పుడే తలుపులోకి వచ్చిన కానియో ఆ నవ్వు విన్నాడు. గడ్డం గీయించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వంటింట్లో వాళ్లమ్మతో, ఊరు నన్ను వదిలేసిందే అమ్మా, అన్నాడు. వీతవ్వ, పిచ్చి మాటలు మాట్లాడకు, నికోలా కొట్లో దేవుణ్ణి కూడా వదలరు అంది. ఆయన నవ్వలేదు.

వీతవ్వ ఫిబ్రవరిలో పోయింది. మంచం పట్టింది కూడా లేదు. శనివారం రొట్టె తీసింది, సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి లేవలేదు. నేనూ, అమ్మా కలిసి స్నానం చేయించాం. కానియో మధ్యాహ్నానికల్లా బాట ఎక్కి వచ్చాడు. బూట్లు బురదలో మునిగిపోయి ఉన్నాయి. వచ్చీరాగానే కూజాలో నీళ్లు తెచ్చి తనే పొయ్యి మీద పోశాడు. బుస్సుమని బూడిద లేచి ఆయన కోటు మీద పడింది. దులుపుకోలేదు.

మర్నాటి అంత్యక్రియలకు లోయలో నిలిచిన కార్లను చూడటానికే పిల్లలు పరిగెత్తారు. సభ అధ్యక్షుడూ, ఆయన భార్యా, ఇంకా బొచ్చు కోట్ల ఆడవాళ్లు జారుతూ బాట ఎక్కి వచ్చారు. పూలచక్రాలు సందు మొదలు నుంచి చివర రొట్టెల పొయ్యి దాకా గోడకు ఆనించారు. మేము పక్కకి ఒత్తిగిలి నడవాల్సి వచ్చింది. సమాధి దగ్గర మా సందు ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. ముందు చోటు లేదు. సబెల్లవ్వ కాలివేళ్ల మీద నిలబడి చూడబోయి, చూడలేక, నా భుజం పట్టుకుంది.

సాయంత్రానికి పట్నంవాళ్లు దిగిపోయారు. ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం. శవానికి స్నానం చేయించి, రాత్రి దాని దగ్గర కూర్చున్న మనిషి ఇంటిమనిషి కింద లెక్క. కాబట్టి నేనూ పొయ్యి ముట్టించకూడదు, గిన్నె తేకూడదు. మా అమ్మ స్నానం చేయించాక ఇంటికి వెళ్లిపోయింది, ఆమె బయటి మనిషే. కానియో బల్ల దగ్గర కూర్చుని, "దొనాతా, తలుపు తెరిచే ఉంచమ్మా," అన్నాడు. మంచు లోపలికి కొడుతోంది. తెరిచే ఉంచాను.

ఎవరూ రాలేదు.

మర్నాడు జనం వచ్చారు. చెయ్యి పట్టుకున్నారు, కాసేపు నిలబడ్డారు, వెళ్లారు. మేయరు భార్య కాఫీపొడి, చక్కెర పొట్లాలు పంపింది. ఆమెలాంటివాళ్లు ఇంకా కొందరు అవే పంపారు. బల్ల నిండా కాఫీ ఉంది, కాచుకోవడానికి నిప్పు లేదు. మేమిద్దరం వీతవ్వ శనివారం కాల్చిన రొట్టె నీళ్లలో తడుపుకుని తిన్నాం. బయట అడుగుల చప్పుడైనప్పుడల్లా ఆయన తల ఎత్తేవాడు. మనిషి చేతుల వైపు చూసేవాడు, ముఖం వైపు కాదు. ఖాళీ చేతులు కనబడితే లేచి మర్యాద చేసేవాడు.

నేను ఉండబట్టలేక మధ్యాహ్నం సబెల్లవ్వ ఇంటికి వెళ్లాను. గడపలోనే కోడి చారు వాసన వచ్చింది. ఆమె నీలం ఎనామిల్ గిన్నె గుడ్డ కట్టి బల్ల మీద ఉంది, నిన్నటి నుంచీ. చల్లారితే మళ్లీ వేడిచేస్తోంది. మా ఇంట్లో అమ్మ పాస్తా ఒత్తి శనగలతో వండి ఉంచింది. సందులో ఇంకా ఎవరింటికి వెళ్లినా మూత పెట్టిన గిన్నె ఉంది.

తీసుకురారేం అవ్వా అన్నాను.

"పిల్లా, నిన్న ఎన్ని కార్లొచ్చాయో చూశావుగా. ఆ అధ్యక్షుడి పెళ్లాం చేతి ఉంగరాలు చూశావా? మొదటి గిన్నె వాళ్లది. వాళ్ల మనిషి ఎవడో పట్టుకొస్తాడు. ఈలోపు నేను నా చారు పట్టుకుపోయి ముందు నిలబడితే, ఈ ముసల్ది ఎవర్తిరా అంటారు. ఆయనకెంత తలవంపులు?"

మీరు పాలిచ్చారు కదా అన్నాను.

"నేను పాలిచ్చింది కానియోకి. అయ్యగారికి కాదు," అంది. తర్వాత గుడ్డ ముడి విప్పి చూసుకుని మళ్లీ కట్టింది.

పట్నంవాళ్లేమనుకున్నారో తర్వాత తెలిసింది. అధ్యక్షుడి భార్య మేయరు భార్యను అడిగిందట, ఇంటికి భోజనం పంపాలా అని. మేయరు భార్య, అవసరం లేదమ్మా, అది ఆ సందు ఆడవాళ్ల హక్కు, మనం పంపితే వాళ్లు బాధపడతారు అని చెప్పిందట. ఎవరి మర్యాద వాళ్లు పాటించారు.

మూడో రోజు సాయంత్రం రొట్టె అయిపోయింది. ఆయన బల్ల మీది ముక్కలు వేలితో ఒకచోటికి చేరుస్తూ అడిగాడు.

"దొనాతా, సందులో ఎవరింట్లోనూ వండలేదా?"

"వండారు మామయ్యా. సబెల్లవ్వ వండింది. మా అమ్మ వండింది. అందరూ వండారు."

"వండి?"

"మూత పెట్టి ఉంచారు."

ఆయన చేర్చిన ముక్కలు అరచేతిలోకి తీసుకున్నాడు. "వండకపోతే మరిచిపోయారనుకునేవాణ్ణి," అన్నాడు. "వండి తేలేదంటే మరిచిపోలేదన్నమాట."

"అలా కాదు మామయ్యా. మీరు పెద్దవాళ్లయ్యారని జంకుతున్నారు. పట్నంవాళ్లు ముందు తెస్తారని చూస్తున్నారు. సబెల్లవ్వ రోజూ వేడిచేస్తోంది."

"నువ్వు మంచిదానివమ్మా," అన్నాడాయన. సాక్షి అబద్ధం చెబుతున్నాడని తెలిసీ మర్యాదగా పక్కన కూర్చోమంటారే, అలాంటి గొంతు. నేను ఇంకోసారి చెప్పాను. ఆయన వింటూనే లేచాడు. మూలనున్న ద్రాక్ష కొమ్మల కట్ట విప్పాడు. తడి బూడిద చేత్తో తోసి, కొమ్మలు పేర్చి అగ్గిపుల్ల గీశాడు. మొదటిది ఆరిపోయింది. రెండోది అంటుకుంది. నేను ఆయన చెయ్యి పట్టుకోవాలనుకుని పట్టుకోలేకపోయాను. వయసు మళ్లిన మగాడు, వాళ్లమ్మ పోయిన ఇంట్లో, తన పొయ్యి తను రాజేసుకుంటున్నాడు. అంతకంటే దిక్కులేనితనం మా ఊళ్లో లేదు. కుండలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. అందులో వేయడానికి ఏమీ లేదు. ఉత్త నీళ్లే కాగాయి.

అదే సమయానికి ఎదురుగా ఏం జరిగిందో అమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నం అమ్మ వెళ్లి సబెల్లవ్వతో గొడవ పడిందట, నువ్వు ముందు నడువు, నీ వెనక మేమందరం వస్తాం అని. సబెల్లవ్వ చివరికి నల్ల శాలువా కప్పుకుని, గిన్నె రెండు చేతుల్లోకి తీసుకుని గడప దాటింది. సందులో రెండడుగులు వేసి పైకి చూసింది. వీతవ్వ పొగగొట్టం నుంచి పొగ లేస్తోంది.

"చూశావటే," అందట. "పొయ్యి రాజేసేశారు. పట్నం నుంచి వంటమనిషిని తెప్పించుకున్నట్టున్నారు. మన చారు ఎవడికి కావాలి?" వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. ఆ చారు పెరట్లో కోళ్లకు పోసింది. కోడి చారు కోళ్లే తాగాయని చెప్పి తనే నవ్వింది. తర్వాత శాలువా ముఖం మీదికి లాక్కుంది.

చర్చిలో ఎనిమిదో రోజు పూజ అయ్యాక కానియో ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చాడు. రోజూ కిటికీలు తెరిచి గాలి పోనివ్వమన్నాడు. పొయ్యి మాత్రం ముట్టించవద్దన్నాడు. సందులో సబెల్లవ్వ గుమ్మంలో లేచి నిలబడి ఉంది. ఆయన టోపీ తీసి తల వంచాడు. ఆమె కూడా తల వంచింది. 

ఆయన వెళ్లాక ఆయనన్న మాటలన్నీ సబెల్లవ్వకు చెప్పాను. ఆమె కూర్చుండిపోయింది. "వాణ్ణి లా చదివించింది ఇందుకా," అంది. ఆ ఎనిమిది రోజుల్లో మొదటిసారి వాడు అంది. తర్వాత, "నేనే వెళ్తా. వెళ్లి వాడి చెవి మెలిపెడితే గాని బుద్ధి రాదు," అంది. అయితే ఆమె మోకాళ్లతో ఆ బాట దిగలేదు. నిచ్చెనకు కట్టించుకుని దిగుతావా అని అమ్మ అడిగితే, శవంలాగా వాడి ముందుకు పోతానా అంది. రోడ్డు పడనీ, బస్సెక్కి వెళ్తానంది. నేనో ఉత్తరం రాస్తానన్నా ఒప్పుకోలేదు. చెవి మెలిపెట్టడం ఉత్తరంలో ఎలా రాస్తావే అంది. ఆమెకు చెప్పకుండా నేను రాశాను. నువ్వు మంచిదానివమ్మా అనే జవాబు వచ్చింది, ఇంటి పైకప్పు పెంకులు చూసుకోమని కూడా.

ఆయన మళ్లీ ఊరికి రాలేదు. రోడ్డు మాత్రం వదల్లేదు. సభలో దాని కోసం సొంత పార్టీవాళ్లతోనే తగువు పడ్డాడని, బల్ల గుద్ది మాట్లాడుతూ ఊపిరాడక కూర్చుండిపోయాడని పేపరు చదివినవాళ్లు చెప్పుకున్నారు. కింద లోయలో రాళ్లు పేల్చే చప్పుడు మొదలైంది. ప్రతి వసంతానికీ ఆ చప్పుడు ఇంకొంచెం దగ్గరికి వచ్చేది. సబెల్లవ్వ గుమ్మంలో కూర్చుని వినేది. ఎక్కడిదాకా వచ్చారే అని వచ్చేపోయేవాళ్లను అడిగేది. పట్నం వెళ్లడానికని కొత్త చెప్పులు కుట్టించుకుంది. నేను రోజూ ఎదురింటి కిటికీలు తెరిచేదాన్ని, సాయంత్రం మూసేదాన్ని. పొయ్యిలో ఆయన రాజేసిన ద్రాక్ష కొమ్మల బొగ్గులు అలాగే ఉండేవి. ఊడ్చడానికి చెయ్యి రాలేదు.

ద్రాక్ష కోతల రోజుల్లో రోడ్డు ఊరి మొదటి ఇంటిదాకా వచ్చింది. బస్సు వచ్చే నెల నుంచి అన్నారు. ప్రారంభోత్సవానికి బాజాలవాళ్లు సాధన చేస్తున్నారు. అలాంటి రోజున కబురు వచ్చింది, కానియో ఆఫీసు కుర్చీలోనే గుండె ఆగి పోయాడని.

ఆయన్ని ఆ రోడ్డు మీదే తెచ్చారు. మా ఊళ్లో శవపేటికను లోయ నుంచి మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. ఈసారీ మోద్దామని మంగలి నికోలాతో సహా అందరూ శుభ్రమైన చొక్కాలు వేసుకుని కింద నిలబడ్డారు. నల్ల కారు వాళ్ల పక్కనుంచి ఎక్కి వచ్చేసింది. వాళ్లు వెనకాల ఆయాసపడుతూ నడిచి వచ్చారు. పట్నంవాళ్లు మాట్లాడారు, పూలచక్రాలు ఆనించారు, చీకటి పడకముందే వెళ్లిపోయారు. రోడ్డు ఉంది కదా, తొందరగానే వెళ్లారు.

ఆ ఇంటికి చుట్టాలు లేరు. ఏడవాల్సినవాళ్లు ఎవరూ లేని ఇంటికి ఓదార్పు ఉండదు. నేను అలవాటు ప్రకారం కిటికీలు మూయడానికి వెళ్లాను. మూసి, ఎందుకో తలుపు మాత్రం తెరిచే ఉంచి, బల్ల దగ్గర ఆయన కూర్చున్న చోటికి పక్కగా కూర్చున్నాను.

సందులో మాటలు వినబడ్డాయి, చిన్న గొంతులతో. ఎవరు ముందు అన్న మాట కూడా వినబడింది. తర్వాత ఆ మాట ఆగిపోయింది.

మొదట సబెల్లవ్వ వచ్చింది. కాళ్లకు ఆ కొత్త చెప్పులున్నాయి. రెండు చేతుల్లో నీలం గిన్నె, వెనక మా అమ్మ, ఆ వెనక సందులోని ఆడవాళ్లందరూ, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గిన్నె. అప్పుడు కాఫీ పొట్లాలుండిన బల్ల మీద గిన్నెలు పట్టలేదు. కొన్ని కింద పెట్టారు.

"నువ్వు ఈ ఇంటిమనిషివి," అంది సబెల్లవ్వ నాతో. "నువ్వే తినాలి."

ఆమె రెండు పళ్లేలు తీసింది. ఒకటి నా ముందు పెట్టింది. రెండోది చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి, మళ్లీ గోడ గూట్లో పెట్టేసింది. గుడ్డ ముడి విప్పింది. మూత తీస్తే ఆవిరి లేచి ఆమె ముఖానికి తగిలింది. నాకు వడ్డిస్తోంది గాని చూపు పొయ్యి వైపు ఉంది.

"కానియో," అంది. "వేడిగానే తెచ్చాను రా."

 ప్రతి గిన్నెలోంచీ కొంచెం కొంచెం తిన్నాను. ఏ ఒక్కటి వదిలినా ఆ గిన్నె తెచ్చినామె దాన్ని అలాగే వెనక్కి పట్టుకుపోవాల్సి వస్తుంది. వాళ్లు గోడల వెంట నిలబడి నేను నమిలేది చూస్తూ ఉన్నారు. బయట చీకటి పడింది, మా సందులో ఆ సాయంత్రం ఎవరింట్లోనూ ఎవరూ అన్నానికి కూర్చోలేదు.